పార్టుల సొరుగు

1990ల చివర్లో అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ రేడియో కంట్రోల్ కార్ల మీద మనసు పారేసుకున్నవాళ్ళకి కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీని మించిన చోటు లేదు. టామియా అమెరికా ఆఫీసు అలీసో వియేహోలో ఉండేది, ఆ ఆవరణలోనే తారు ట్రాకు. టీమ్ అసోసియేటెడ్ కోస్టా మేసాలో, స్పీడ్ కంట్రోలర్లు చేసే నోవాక్ ఇర్వైన్‌లో, రిమోట్లూ సర్వోలూ అమ్మే ఎయిర్‌ట్రానిక్స్ అనహైమ్‌లో. హెచ్‌పీఐ కూడా అక్కడిదే, తర్వాత ఫుట్‌హిల్ రాంచ్‌లో స్థిరపడింది. కొండ దాటి కాస్త లోపలికి వెళ్తే చీనోలో లోసీ. పత్రికల అట్టల మీద చూసే పేర్లన్నీ ఇంటినుంచి బయల్దేరి కాఫీ చల్లారేలోగా చేరుకునే దూరంలో ఉండేవి. అయినా నా కారుకి కావలసిన పార్టు మాత్రం దొరికేది కాదు. అది దొరక్కపోవడం వల్లే నాకు అక్కడ మనుషులు దొరికారు. ఇప్పుడు పార్టు వెతుక్కునే ఆ పద్ధతీ లేదు, నేను వెతుక్కుంటూ వెళ్ళిన దుకాణమూ లేదు. ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు కూడా మిగలరని రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టూరింగ్ కారంటే రోడ్డు మీద తిరిగే కారుకి పదో వంతు నమూనా. వెడల్పు సుమారు 19 సెంటీమీటర్లు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 25.7. నాలుగు చక్రాలకీ శక్తి అందుతుంది. పైన పలచటి పాలీకార్బొనేట్ బాడీ, కింద గేరుబాక్సులు, మోటారు, బ్యాటరీ. అంతకుముందు బ్యాటరీ కార్లంటే ఎక్కువగా మట్టిలో ఎగిరే బగ్గీలే. టామియా 1991లో తన బగ్గీ గేరుబాక్సుల వంశంలోంచే ఒక చాసీ తీసి, మీద టయోటా సెలికా ర్యాలీ కారు బాడీ వేసి, టీఏ-01 అని బజారులోకి తెచ్చింది. దానికి మట్టి ట్రాకు అక్కర్లేదు, ఆదివారం ఖాళీగా పడుండే ఆఫీసు పార్కింగ్ లాటు చాలు. ఆ సౌకర్యం చూసి నాలుగైదేళ్ళలో హెచ్‌పీఐ, యోకోమో, క్యోషో, అందరూ ఇందులోకి దిగారు.

నాకు ఈ కార్ల మీద గురి కుదిరింది బొమ్మలుగా కాదు. నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్‌లో. మా నాన్న లారీ గేరుబాక్సులూ హౌసింగులూ విప్పి కట్టేవాడు. క్రౌన్ పినియన్ పళ్ళ మీద రంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూసి షిమ్ము వెయ్యాలా తియ్యాలా అని చెప్పేవాడు. బడి అయిపోగానే పానాలు అందించడం నా పని. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, విమానం. అమెరికాలో రోజంతా తెరమీద కోడు రాస్తూ, చేతికి గ్రీజు అంటక చాలాకాలమైన రోజుల్లో, సహోద్యోగి ఒకాయన గ్యారేజీ ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. అందులో సగం విప్పిన టామియా టీఏ-02. వెనక గేరుబాక్సు మూత తీసి చూస్తే లోపల బెవెల్ గేర్ల డిఫరెన్షియల్. లారీ హౌసింగులో ఉండే ఏర్పాటే, అరచేతిలో ఇమిడిపోయే కొలతలో. ఆ రాత్రి దాన్ని పూర్తిగా విప్పి టేబుల్ మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాను. గదిలో ఉండే గుంటూరు మిత్రుడు లేచి వచ్చి, “ఏంది బావా, అర్ధరాత్రి ఈ పోస్టుమార్టం?” అన్నాడు. తెల్లారేసరికి వాడు కూడా పక్కన కూర్చుని పళ్ళు లెక్కపెడుతున్నాడు.

టామియా గురించి నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించే సంగతి ఒకటుంది. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న ఆ కంపెనీ 1976లో తన మొదటి రేడియో కంట్రోల్ కారు పోర్షే 934 తెచ్చింది. ఆ నమూనా కోసం షున్సాకు టామియా ఏకంగా ఒక నిజం పోర్షే 911 కొని, దాన్ని విప్పించి చూశాడు. బొమ్మ చెయ్యడానికి అసలు బండిని విప్పినవాడంటే నాకు చెప్పలేనంత గౌరవం. ఆయన కార్లలో ఏ పార్టు చేతిలోకి తీసుకున్నా, అది నిజం బండిలో ఎందుకుందో తెలిసినవాళ్ళు గీసిన గీతలా ఉంటుంది.

ఆ పెట్టెలో కారు అసంపూర్ణంగా ఉంది. ముందు కుడిపక్క చక్రాన్ని పట్టి ఉంచే అప్‌రైటు లేదు, వెనక గేరుబాక్సులో ఒక గేరు పళ్ళు పోయాయి. స్టీరింగ్ క్రాంకు బుష్షులు అరిగి ముందు చక్రాలు వాటి ఇష్టమొచ్చినట్టు ఊగుతున్నాయి. అప్పటికి టీఏ-03 వచ్చేసింది. దాంట్లో మోటారు ముందుకు జరిగింది, గేరుబాక్సుల్ని కలిపే షాఫ్టు బదులు బెల్టు వచ్చింది. దుకాణాలు కొత్తవాటి పార్టులే తెప్పించేవి. మిగతా దారి టవర్ హాబీస్ కేటలాగు. ఇల్లినాయ్ రాష్ట్రం షాంపేన్ నుంచి వచ్చే ఆ లావుపాటి పుస్తకంలో చిన్న అక్షరాల్లో పార్టు నంబర్లు వెతికి, టోల్ ఫ్రీ నంబరుకి ఫోను చేసి చెప్పాలి. “బ్యాక్ ఆర్డర్” అన్నారంటే ఆ పార్టు ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి.

అలా వెతుకుతూ వెళ్ళిందే ఆ దుకాణం. ఒక స్ట్రిప్ మాల్ చివర, లాండ్రీ పక్కన. యజమాని పెద్దాయన, లాంగ్ బీచ్ విమానాల ఫ్యాక్టరీలో మెషినిస్టుగా చేసి బయటికొచ్చినవాడు. ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయాక దక్షిణ కాలిఫోర్నియాలో విమాన పరిశ్రమ ఎంతమందిని ఇంటికి పంపిందో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. వాళ్ళలో కొందరి చేతులు ఖాళీగా ఉండలేక ఇలాంటి దుకాణాల్లోకి వచ్చాయి. గోడ నిండా మేకులకి వేలాడే ప్లాస్టిక్ సంచులు, అవి అందరికీ కనిపించే సరుకు. అసలు సరుకు కౌంటరు వెనక ఉండేది. అది ఇనప బీరువా, నిండా సన్నటి సొరుగులు. విరిగిన కార్లలోంచి, మానేసినవాళ్ళ పెట్టెల్లోంచి, రేసుల తర్వాత చెత్తబుట్టలోంచి ఆయన ఏరిన పార్టులన్నీ అందులో. స్క్రూలు ఒకచోట, పినియన్లు పళ్ళ లెక్కన, సస్పెన్షన్ ఆర్ములు చాసీ పేరున. ఏదైనా పావలా డాలరు. కొత్త పార్టు గోడమీద ఎనిమిది డాలర్లకి వేలాడుతున్నా, పాతది సొరుగులో బాగుంటే అదే తీసిచ్చేవాడు.

ఆయనకి ఒక నియమం. పాత పార్టు తేనివాడికి మరో పార్టు ఇవ్వడు. “విరిగింది చూపించు” అనేవాడు. నేను పళ్ళు పోయిన గేరు ఇస్తే భూతద్దం కింద తిప్పి చూశాడు. పళ్ళు ఒకవైపే అరిగాయి. గేరు తప్పు కాదు, షాఫ్టు పక్కకి వాలుతోంది, లోపల ఇంకా ప్లాస్టిక్ బుష్షులే ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. గేరుతో పాటు పదకొండు మిల్లీమీటర్ల బయటి కొలత, అయిదు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బాల్ బేరింగులు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఇవి వేసుకో, లేకపోతే ఈ గేరు కోసం వచ్చే నెల మళ్ళీ వస్తావు అన్నాడు. మా నాన్న గ్యారేజీలో ఏ మాటలు వింటూ పెరిగానో అవే మాటలు పసిఫిక్ ఒడ్డున వేరే భాషలో విన్నాను. ఆ రోజునుంచి ఆ దుకాణం నాకు ఇల్లయింది.

ఆయన దగ్గరే నేర్చుకున్నది ఇంకొకటి. టామియా స్క్రూ తలకాయలు జపాన్ ప్రమాణంవి. చూడ్డానికి మామూలు ప్లస్సే, కానీ అమెరికా ఫిలిప్స్ స్క్రూడ్రైవరు పెడితే అంచు జారి తల నలిగిపోతుంది. వాడిన కారు ఎవరైనా తెస్తే ఆయన ముందు చూసేది స్క్రూ తలలే. అవి నలక్కుండా ఉంటే ఆ మనిషి పనివాడని లెక్క.

మార్పులు చేయడంలో ఒక వరస ఉండేది. ముందు బేరింగులు. తర్వాత డ్యాంపర్లు. చవక కిట్లలో వచ్చేవి ఊరికే రాపిడి మీద పనిచేసేవి. వాటి స్థానంలో సిలికాన్ నూనె పోసే డ్యాంపర్లు. పిస్టను రంధ్రాలెన్ని, నూనె చిక్కదనమెంత, స్ప్రింగు రంగేమిటి అన్నదాని మీద వారం వారం చర్చ జరిగేది. తర్వాత డిఫరెన్షియల్. మరీ వదులుగా ఉంటే మలుపులో బరువు లేని లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగి శక్తంతా పోతుంది. అందుకని బెవెల్ గేర్ల మధ్య టామియా యాంటీ-వేర్ గ్రీజు కూరేవాళ్ళం. జీళ్ళపాకంలా సాగే ఆ గ్రీజు ఎంత పట్టించాలో చెప్పడానికి కొలతలేమీ లేవు. ఒక చక్రం పట్టుకుని రెండోది తిప్పి, వేళ్ళకి తగిలే బిగువును బట్టి తెలుసుకోవాలి. మా నాన్న కింగ్‌పిన్ను బిగించి చక్రాన్ని ఊపి చూసేవాడే, సరిగ్గా అలా.

మోటారు దగ్గరికొస్తే అది వేరే లోకం. కిట్‌లో వచ్చే వెండిరంగు 540 మోటారు విప్పడానికి వీల్లేనిది. దాన్ని మాగబెట్టే పద్ధతి మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, మోటారుని మొత్తంగా ముంచి, తక్కువ వోల్టేజీ మీద నడిపేవాళ్ళు. నీళ్ళలో సుడి లేచేది. కాసేపటికి లోపలి కార్బన్ బ్రష్షులు కమ్యుటేటర్ గుండ్రానికి తగ్గట్టు అరిగి, ఆ పొడితో నీళ్ళు బూడిదరంగుకి తిరిగేవి. నీళ్ళు నల్లబడుతుంటే ఆపి, తీసి, మోటారు క్లీనరుతో కడిగి, బేరింగుల్లో చుక్క నూనె వేసేవాళ్ళం. అలా చేసిన మోటారు చప్పుడే మారిపోయేది. బరబరమని గరుకుగా తిరిగింది కాస్తా సన్నగా, ఒకే శ్రుతిలో పాడేది.

విప్పగలిగే రేసు మోటార్లకి ఇంకో వైభోగం. స్టాక్ తరగతిలో 27 చుట్ల తీగ, అంతకన్నా తక్కువ చుట్టకూడదు. రేసు రేసుకీ కమ్యుటేటర్ రాగి మాడి గాళ్ళు పడుతుంది. దాన్ని సరిచేయడానికి అరచేతి వెడల్పున ఒక చిన్న లేతు ఉండేది. ఆర్మేచర్‌ని అందులో బిగించి, రబ్బరు బెల్టుతో తిప్పుతూ, కటింగ్ బిట్టుని నెమ్మదిగా జరిపితే వెంట్రుక మందాన రాగి ఊడి, కింద తళతళలాడే కొత్త రాగి బయటపడేది. పెద్దాయన ఆ పని చేస్తుంటే చుట్టూ నలుగురు నిలబడేవాళ్ళు. చెయ్యి వణికేది కాదు. శనివారం సాయంత్రం ఆయన లేతు ముందు వరస కట్టేవాళ్ళం. పనికి డబ్బు తీసుకునేవాడు, తీసుకోవాలి కూడా. ముప్పై ఏళ్ళు విమానం పార్టులు కోసిన చెయ్యి అది.

బ్యాటరీలు అయితే తల ప్రాణం తోకకి తెచ్చేవి. ఆరు నికెల్-కాడ్మియం సెల్సు, 7.2 వోల్టులు. రేసు అయిదు నిమిషాలు, ఆ అయిదు నిమిషాలూ ఊపు తగ్గకుండా నిలబడాలి. ఒకేలా పనిచేసే సెల్సుని జతకూర్చి అమ్మేవాళ్ళు. ఒక్కో సెల్లు మీద అది ఎన్ని సెకన్లు నిలిచింది, సగటు వోల్టేజీ ఎంత అని లేబులు అంటించి ఉండేది. వాటిని మేమే రాగి పట్టీలతో సోల్డరు చేసుకునేవాళ్ళం. పెద్ద మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి చప్పున తియ్యాలి, ఆలస్యమైతే సెల్లు ఉడికిపోతుంది. రేసయ్యాక మిగిలిన చార్జి దించడానికి కార్ల బ్రేకు లైటు బల్బులు వరసగా కట్టిన పలక వాడేవాళ్ళం. చీకటి పడ్డ పార్కింగ్ లాటులో టేబుళ్ళ మీద ఆ బల్బులు మినుకుమినుకుమంటూ ఒక్కొక్కటే ఆరిపోతుండేవి, వాటి చుట్టూ మేం పిజ్జా తింటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఆదివారం పొద్దున్నే లాటుకి వెళ్ళేసరికి ఎవరో ఒకరు తారు ఊడుస్తూ ఉండేవాళ్ళు. తర్వాత పంపు వీపుకి తగిలించుకుని మలుపుల్లో చక్కెర నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ జిగటకి టైర్లు రోడ్డుని పట్టుకుంటాయి. మన బూటు అడుగు కూడా చప్పుడు చేస్తూ అంటుకునేది. ఓ పక్క ఫ్రీక్వెన్సీ బోర్డు. బట్టల క్లిప్పుల మీద చానెల్ నంబర్లు. రిమోటు ఆన్ చేసేముందు మీ నంబరు క్లిప్పు బోర్డు నుంచి తీసి యాంటెనాకి తగిలించుకోవాలి. 27 మెగాహెర్ట్జ్‌లో ఉన్నవి ఆరు రంగులే, 75లో ముప్పై చానెళ్ళు. ఒకే నంబరున్న ఇద్దరిలో ఒకరు రిమోటులోనూ రిసీవర్లోనూ చానెల్‌ని నిర్ణయించే క్రిస్టల్ మార్చుకోవాలి. ఆ క్రిస్టల్ ఎవరిదగ్గరుందో అడుక్కోవాలి. నాకు అక్కడ సగం మంది పరిచయమయ్యింది ఆ క్రిస్టల్ అడగడం వల్లే. వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి వచ్చే వియత్నాం కుటుంబం ఉండేది. తండ్రి టైర్లు అంటించేవాడు, పదమూడేళ్ళ కొడుకు నడిపేవాడు, తల్లి ల్యాపులు రాసేది. శాంటా ఆనా నుంచి మెక్సికో కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు, ఒకే కారు ముగ్గురిది. బాడీకి లోపలివైపు రంగు వేయడంలో వాళ్ళకి సాటి లేదు. ముందు ముదురు రంగులు, చివరికి లేతవి, వెనక తెలుపు పూత. పైనుంచి చూస్తే అద్దం కింద బొమ్మలా తేలేది. విరిగిన ఆర్ము ఉంటే పక్క టేబుల్ వాడు మారుమాట లేకుండా తన పెట్టె తెరిచేవాడు. రేసులో నన్ను వెనక్కి నెట్టబోయేది వాడే.

నా కారుకి గేరు దొరికింది, అప్‌రైటు దొరికింది, స్టీరింగు బుష్షులు మాత్రం ఎక్కడా దొరకలేదు. పెద్దాయన సొరుగులో ఉన్నవి కూడా అరిగినవే. సెలవులకి విజయవాడ వెళ్ళినప్పుడు ఆ రెండు క్రాంకులూ అవి తిరిగే పోస్టులూ జేబులో వేసుకుని వెళ్ళాను. నాన్న స్నేహితుడు ఒకాయన ఆటోనగర్‌లో లేతు నడిపేవాడు. లారీ కింగ్‌పిన్నులకి గన్‌మెటల్ బుష్షులు కోసిచ్చే మనిషి. నేనిచ్చిన ముక్కని గోటిమీద పెట్టుకుని వెలుతురుకి చూశాడు.

“ఏ బండిదిరా అబ్బాయ్ ఇది?”

“చిన్న కారుది బాబాయ్. చేత్తో రిమోటు పట్టుకుని నడిపేది. స్టీరింగు ఊగిపోతోంది.”

“ప్లే ఎంతుందో చూపించు.”

పోస్టుమీద క్రాంకు ఎక్కించి ఊపాను. ఆయన నవ్వలేదు, బొమ్మకి కూడానా అనలేదు. వెర్నియరు తీసి పోస్టు మందం మూడు చోట్ల కొలిచాడు. “పోస్టు కూడా అరిగింది. దానికి సరిపడా బుష్షు కొయ్యాలి, పుస్తకం కొలతకి కోస్తే మళ్ళీ లూజే” అన్నాడు. గన్‌మెటల్ కడ్డీ బిగించి, సన్నటి డ్రిల్లు పెట్టి, ఆ తర్వాత రీమరు బదులు అరగదీసిన సూది ఫైలుతో చేత్తో తిప్పుతూ రంధ్రం సరిచేశాడు. మధ్యమధ్య పోస్టు దూర్చి చూసుకుంటూ, నూనె వేలితో రాసి మళ్ళీ దూర్చి, సొంత బరువుకి నెమ్మదిగా జారేదాకా వదల్లేదు. ఆ షెడ్డు బయట లారీ హౌసింగు ఒకటి జాకీల మీద ఎదురుచూస్తూనే ఉంది. డబ్బులివ్వబోతే, “మీ నాన్న నాకెన్ని బుష్షుల పని తెచ్చిచ్చాడ్రా, పో” అన్నాడు.

ఆ బుష్షులు చూసి కాలిఫోర్నియా పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. భూతద్దం పెట్టి లోపలి గోడ చూసి, ఎవరు కోశారు, ఏ యంత్రం మీద అని అడిగాడు. చెప్పాను. దీనికి చేత్తో చివరిమెరుగు పెట్టాడు కదూ అన్నాడు. పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, ఒకరి పేరొకరికి తెలియని ఇద్దరు పనివాళ్ళు ఒక చిటికెడు గన్‌మెటల్ ముక్క దగ్గర ఒకరినొకరు గుర్తుపట్టారు. ఆ తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చి ముందు చక్రాలు కదిపి చూసుకుని వెళ్ళడం అక్కడివాళ్ళకి అలవాటయింది. వియత్నాం కుర్రాడి తండ్రి తన కారుకి కూడా అలాంటివి కావాలన్నాడు. తర్వాత ఎవరు ఇండియా వెళ్ళినా కొలతల కాగితం వెంట వెళ్ళేది.

ఇదంతా పోవడం ఒక్కరోజులో జరగలేదు. 1999లో ట్రాక్సస్ టీ-మాక్స్ వచ్చి, పెట్టె తెరిచి నడిపేసుకునే కార్లకి ఎంత గిరాకీ ఉందో చూపించింది. విప్పి బిగించడం తెలియకపోయినా కారు కొనుక్కోవచ్చన్నది మంచి సంగతే, ఎంతోమంది పిల్లలు దానివల్లే ఇటు వచ్చారు. 2000ల మధ్యకి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాయి. క్రిస్టళ్ళు పోయాయి, బోర్డు పోయింది, క్లిప్పు కోసం ఎవరినీ అడగక్కర్లేదు. బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి. బ్రష్షులే లేనప్పుడు కమ్యుటేటర్ ఎక్కడిది, లేతు ఎందుకు? లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చి సోల్డరింగూ, జతకూర్చిన సెల్సూ, బల్బుల పలకా మూలపడ్డాయి. ఒక్కొక్కటీ నిజంగా మెరుగైన వస్తువే. వాటిలో ఏదీ వద్దని నేను అనను, నాకు కూడా ఉన్నాయి. కానీ ఒక్కో మెరుగుతోపాటు పక్కవాడిని పలకరించాల్సిన అవసరం ఒక్కోటి తగ్గింది. దుకాణంలో శనివారం వరస అలాగే పలచబడింది. ఆ మార్పుని ఎవరూ ఆపలేరు. జరిగినప్పుడు ఎవరైనా గుర్తించారా అన్నదే నా బాధ.

2008 మాంద్యం తర్వాత ఆయన దుకాణం మూసేశాడు. తర్వాత్తర్వాత పెద్దవాళ్ళూ నిలవలేదు. టవర్ హాబీస్‌ని నడిపిన హాబికో 2018లో దివాలా తీసింది. ఇంకోపక్క టామియా తన పాత కార్లని మళ్ళీ తెస్తోంది. 2004లో హార్నెట్, 2007లో హాట్‌షాట్ తిరిగొచ్చాయి. నావంటి నడివయసువాళ్ళు ఎగబడి కొన్నారు. ఇప్పుడు ఇంట్లో త్రీడీ ప్రింటరు పెట్టుకుని పోయిన పార్టు ముద్రించుకునేవాళ్ళున్నారు, వాళ్ళంటే నాకు ఇష్టం. వాళ్ళు కూడా విరిగినది ఎందుకు విరిగిందో చూసుకుంటున్నారు.

దుకాణం మూసేముందు పెద్దాయన గోడమీది సరుకంతా తక్కువ ధరకి ఇచ్చేశాడు. సొరుగుల బీరువా మాత్రం అమ్మలేదు. మమ్మల్నందరినీ ఒక ఆదివారం లాటుకి దాన్ని మోసుకురమ్మని, ఒక్కొక్కరి చాసీ పేరు పిలిచి ఆ సొరుగు వాళ్ళకే ఇచ్చాడు. లేతు వెస్ట్‌మిన్‌స్టర్ కుర్రాడికి వెళ్ళింది. వాడు అప్పటికి కాలేజీలో మెకానికల్ చదువుతున్నాడు. టీఏ-02 సొరుగు నాది. అందులో అరిగిన స్టీరింగు బుష్షులు ఒక సంచీలో కట్టి, పైన పోస్టుల కొలతలు పెన్సిల్‌తో రాసి పెట్టి ఉన్నాయి. ఆ కొలతలతో మొన్న ఫిబ్రవరిలో ఇంకో జత కోయించాను. బాబాయ్ కొడుకు ఇప్పుడు సీఎన్‌సీ పెట్టాడు. రంధ్రం చివరిమెరుగు మాత్రం ఇంకా చేత్తోనే.